‘కాపురానికి వెళ్లు’ అనే నాన్న, ‘నీ ఇష్టం’ అనే తమ్ముడు: తేడా ఎక్కడుంది?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇది. మీ అక్క ఎనిమిది నెలలుగా పుట్టింట్లోనే ఉంటోంది. కొట్టడాలు, కట్నం వేధింపులు లేవు. పెళ్లయిన రెండో ఏడు ఉద్యోగం మానేయమన్నారు, ఆమె మాననంది, మాటామాటా పెరిగింది. ఇప్పుడు మీ బావ హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద, భార్య కాపురానికి రావాలని కేసు వేశారు. నాన్నగారు “వెళ్లి సర్దుకుపో” అంటున్నారు. మీరు “నీ ఇష్టం అక్కా” అన్నారు. దాంతో నాన్నగారు మిమ్మల్ని కుటుంబమంటే లెక్కలేనివాడివన్నారు, మీరు ఆయన్ని పాతకాలం మనిషన్నారు. సంప్రదాయవాదులకూ ఉదారవాదులకూ తేడా ఇదేనా, ఎవరి మాటలో న్యాయం ఉంది అని అడిగారు.

నేను కడపలో ముప్పయ్యేళ్లకు పైగా వకీలుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం మనోవర్తి (భరణం) కేసులు, విడాకులు, ఆస్తి పంపకాలే. అందుకని మీ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఇంచుమించు ఇవే మాటలు నా టేబుల్‌కి అవతల ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ముందుగా ఒకటి. ఇది తరాల తేడా అని మీరు అనుకుంటున్నారు. కాదు. పాతికేళ్ల కుర్రవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, “మా చెల్లెలు వెళ్లి తీరాలి మేడమ్, మా పరువేం కాను” అని నా ముందు కూర్చున్నాడు. డెబ్బై దాటిన అవ్వ, అక్షరం ముక్క రానిది, “నా మనవరాలిని నేను పంపను, ఏం చేసుకుంటారో చేసుకోండి” అని పెద్దమనుషుల మధ్యలోంచి లేచి వెళ్లిపోయింది. వయసును బట్టి, చదువును బట్టి ఎవరు ఏ పక్షమో చెప్పలేం.

తేడా ఎక్కడంటే, లెక్క మొదలుపెట్టే చోట. మీ నాన్నగారు ఇంటి దగ్గర మొదలుపెడతారు. ఆయన దృష్టిలో మనిషి ముందు ఒకరికి కూతురు, ఒకరికి భార్య, ఒకరికి తల్లి. ఆ స్థానాలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. భర్త పోషించాలి, భార్య ఇల్లు చూడాలి, కొడుకు ముసలితనంలో ఆదుకోవాలి. ఒకరు తన వంతు వదిలేస్తే మిగతావాళ్లు దేన్ని నమ్ముకుని తమ వంతు చెయ్యాలి? ఇదీ ఆయన భయం. మీరు మనిషి దగ్గర మొదలుపెడతారు. మీ అక్క ముందు మీ అక్క, ఆ తర్వాతే ఎవరి భార్య అయినా. తను ఒప్పుకుని తలకెత్తుకున్న స్థానాన్ని, ఊపిరాడకపోతే దించుకునే హక్కు ఆమెకు ఉంది. మీ ఇద్దరికీ ఆమె మీద ప్రేమ ఉంది. అది మాత్రం ఎప్పుడూ మర్చిపోకండి, కేసు నడిచేటప్పుడు ఇద్దరూ మర్చిపోతారు.

మీ బావ పట్టుకున్న సెక్షన్ మీదే నలభై ఏళ్ల క్రితం మన రాష్ట్రంలో ఈ రెండు ఆలోచనలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. కేసు మా కడప సబ్ కోర్టులోనే మొదలైంది. పదహారేళ్ల వయసులో, హైస్కూలు చదువుతుండగా 1975లో ఒక అమ్మాయికి పెళ్లయిందని, వెంటనే ఇద్దరూ విడిపోయారని, ఐదేళ్లకు పైగా వేరుగానే ఉన్నారని రికార్డు. ఆ తర్వాత ఆమె సినిమా నటి అయ్యారు. భర్త కాపురానికి రమ్మని సెక్షన్ 9 కింద కేసు వేశారు. విషయం హైకోర్టుకు వెళ్లింది. 1983 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. న్యాయశాస్త్రం చదివేవాళ్లంతా సరిత కేసు అని చెప్పుకునేది దీన్నే.

ఆయన వాదన సూటిగా ఉంటుంది. కాపురానికి వెళ్లమని కోర్టు డిక్రీ ఇస్తే దానర్థం ఏమిటి? మనసు లేని స్త్రీని రాజ్యం తన బలంతో ఒక పురుషుడి పడకగదిలోకి పంపుతున్నట్టే కదా. బిడ్డను కనాలా వద్దా, ఎప్పుడు కనాలి అన్న నిర్ణయం ఆమె చేతిలోంచి జారిపోతుంది. అది రాజ్యాంగంలో జీవించే హక్కు చెప్పే ఆర్టికల్ 21 ఇచ్చిన గోప్యతకూ మానవ గౌరవానికీ దెబ్బ అన్నారు. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ ఒకేలా రాసి ఉన్నా, గర్భం మోసేది స్త్రీయే కాబట్టి బరువంతా ఆమె మీదే పడుతుంది, అందువల్ల అందరూ సమానమనే ఆర్టికల్ 14 కూడా దెబ్బతింటుందన్నారు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తేల్చింది. మన హైకోర్టు జడ్జి ఒకరు అంతకు ముప్పై నాలుగేళ్ల ముందే ఆ మాట రాశారంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అదే ఏడాది ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ అవధ్ బిహారీ రోహత్గీ దీనికి పూర్తిగా ఎదురు తీర్పు ఇచ్చారు. కాపురం అంటే పడక ఒక్కటే కాదు, తోడు, నీడ, కలిసి బతకడం అన్నారు. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం పింగాణీ సామాన్ల కొట్లోకి ఎద్దును తోలినట్టు అన్నారు. భార్యాభర్తల మధ్య ఆర్టికల్ 14కూ 21కీ చోటు లేదన్నారు. మరుసటి సంవత్సరం, 1984లో, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పునే సమర్థించింది. కలిసి ఉండే హక్కు చట్టం ఇచ్చింది కాదు, పెళ్లిలోనే ఉంది, సంసారం విరిగిపోకుండా ఆపడమే ఈ సెక్షన్ ఉద్దేశం అని చెప్పింది. అందుకే అది ఇవాళ్టికీ చట్టంలో ఉంది, మీ బావ కేసు వెయ్యగలిగారు. దాన్ని కొట్టేయాలంటూ 2019లో సుప్రీంకోర్టులో మళ్లీ పిటిషన్ దాఖలైంది.

ఈ తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంటి గుట్టులోకి ప్రభుత్వం రాకూడదని రెండు పక్షాలూ అంటున్నాయి. చౌదరిగారు కోర్టు డిక్రీ పడకగదిలోకి రాకూడదన్నారు. రోహత్గీగారు రాజ్యాంగం ఇంట్లోకి రాకూడదన్నారు. కానీ రాజ్యాంగాన్ని గుమ్మం బయట ఆపి, కోర్టు డిక్రీని మాత్రం లోపలికి రానివ్వడం ఎలా కుదురుతుంది? డిక్రీ కూడా ప్రభుత్వమే కదా. సంప్రదాయవాదంలో నాకు నచ్చని చోటు ఇదొక్కటే. బాధ్యత గొప్పదని వాళ్లు చెప్తే వింటాను. ఆ బాధ్యతను బలవంతంగా చేయించడానికి కోర్టు మెట్లెక్కితే, వాళ్లు గొప్పదన్న విలువను వాళ్లే తగ్గించుకున్నట్టు అనిపిస్తుంది.

పైగా ఈ సెక్షన్ మన సంప్రదాయం కూడా కాదు. మీ నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి. ఇంగ్లండులో చర్చి కోర్టులు వాడిన పద్ధతి ఇది, బ్రిటిష్ వాళ్లు ఇక్కడికి తెచ్చారు. మన ధర్మశాస్త్రాలు భార్యకు ఎన్ని విధులు చెప్పినా, ఆమెను రాజు చేత ఈడ్పించి తెప్పించే ఏర్పాటు చెయ్యలేదని చౌదరిగారు తన తీర్పులోనే రాశారు. ఇంగ్లండు 1970లో చట్టం చేసి దీన్ని ఎత్తేసింది. తెచ్చినవాళ్లు వదిలేశారు, మనం పట్టుకుని ఉన్నాం. 1884లో బొంబాయిలో రఖ్మాబాయి మీద వేసిన కేసు కూడా ఇదే రకం. పదకొండేళ్లకు పెళ్లి చేశారు, పెద్దయ్యాక వెళ్లనంది. 1885లో మొదటి జడ్జి ఆమె పక్షాన తీర్పిచ్చారు. 1887లో మరో జడ్జి, వెళ్లకపోతే ఆరు నెలల జైలు అన్నారు. ఆమె జైలుకే వెళ్తానంది. చివరికి 1888లో డబ్బు ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఆ తర్వాత ఆమె లండన్ వెళ్లి వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చారు. అప్పట్లో తిలక్ పత్రికలు ఆమెను తీవ్రంగా విమర్శించాయి. స్వరాజ్యం కోసం అంత పోరాడిన మనిషి ఇంట్లో ఆడపిల్ల స్వేచ్ఛ దగ్గర ఆగిపోయారు. కుటుంబం విషయానికొస్తే ఎంత పెద్దవాళ్లకైనా గీత వేరేచోట ఉంటుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మీ అక్కకు పనికొచ్చే విషయం. ఈ కేసులో ఓడిపోతే పోలీసులు వచ్చి తీసుకెళ్తారని మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారని రాశారు. అలా జరగదు. డిక్రీ వచ్చినా ఆమెను ఎవరూ ఎత్తుకెళ్లి దింపరు, జైలుకూ పంపరు. కావాలని ధిక్కరిస్తే ఆస్తి జప్తు కోరే వీలు చట్టంలో ఉంది. మామూలుగా జరిగేది వేరు. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కాపురం కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా దాన్ని చూపించి విడాకులు అడగొచ్చు. కలపడానికి పెట్టిన సెక్షన్ చాలా కేసుల్లో విడిపోవడానికి మెట్టు అవుతోంది. ఇంకొకటి, భార్య మనోవర్తి అడగగానే భర్త ఈ కేసు వేస్తాడు, “నేను రమ్మంటున్నాను, తనే రావడం లేదు” అని చూపించడానికి. ఆ దారి ఇప్పుడు కొంత మూసుకుపోయింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక జార్ఖండ్ కేసులో, భర్తకు డిక్రీ వచ్చినంత మాత్రాన, భార్య వెళ్లనంత మాత్రాన మనోవర్తి పోదు, వెళ్లకపోవడానికి సరైన కారణం ఉందా లేదా చూడాలి అంది. ఆ కేసులో గర్భం పోయినప్పుడు భర్త చూడ్డానికి కూడా రాలేదు, ఇంట్లో మరుగుదొడ్డి వాడనివ్వలేదు. ఆ ఇంటికి తిరిగి వెళ్లడం ఆమె విధి అని ఎవరు చెప్పగలరు?

మీ నాన్నగారిని ఇంతటితో వదిలేస్తే అన్యాయం. ఆయన చెప్పేదాంట్లో ఒక బలం ఉంది, అది ఉదారవాదుల దగ్గర తక్కువ. ఒక కేసు చెప్తాను. భర్త తాగుబోతు కాదు, చెడ్డవాడూ కాదు, తల్లి మాట జవదాటడు. కోడలు పుట్టింటికి వచ్చేసింది. నేను నోటీసు రాయబోతుంటే అమ్మాయి మేనమామ, డెబ్బై ఏళ్ల రైతు, “ఒక నెల ఆగమ్మా” అన్నాడు. ఆయన వారం వారం ఆ ఊరికి బస్సెక్కి వెళ్లాడు. అమ్మాయికి సర్దుకుపొమ్మని చెప్పలేదు. అబ్బాయిని, అతని తల్లిని కూర్చోబెట్టి, వేరు కాపురం పెట్టే దాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆ పని ఏ చట్టమూ చెయ్యదు, ఏ కౌన్సెలింగ్ సెంటరూ అన్నిసార్లు బస్సెక్కదు. తన వాళ్ల సంసారం తన బాధ్యత అనుకున్న మనిషి మాత్రమే చేస్తాడు. సంప్రదాయం మంచిగా పనిచేసినప్పుడు ఇలా ఉంటుంది. పక్షవాతంతో మంచం పట్టిన అత్తకు ఏళ్ల తరబడి సేవ చేసిన కోడళ్లను, తమ్ముడి పిల్లల్ని తన పిల్లల్లా చదివించిన అన్నలను నేను చూశాను. వాళ్లు ఎవరూ “ఇది నా ఎంపిక” అని లెక్క వేసుకుని చెయ్యలేదు.

అయితే ఆ మేనమామ ‘సర్దుకుపో’ అన్న మాట ఎవరికి చెప్పాడో చూడండి. మన ఇళ్లలో ఆ మాట దాదాపు ఎప్పుడూ ఒక్క వైపే వెళ్తుంది. 2019లో ప్రభుత్వం దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. రోజులో ఇంటిపని చేసినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. ఆ చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. కుటుంబాన్ని నిలబెట్టేది త్యాగమే అయితే ఆ త్యాగం ఎవరి వాటాకు ఎంత వస్తోందో అడగడం కుటుంబాన్ని కూల్చడం కాదు. మీ నాన్నగారిని నేను అడిగే ప్రశ్న ఇదొక్కటే: ఉద్యోగం మానమని అల్లుడు అన్నప్పుడు, ఆయన అల్లుడి దగ్గరికి వెళ్లి ఒక్కసారైనా “నువ్వు సర్దుకో నాయనా” అన్నారా?

ఇక మీ వైపు. ఇక్కడ కొంచెం కఠినంగా రాస్తాను, మరోలా అనుకోకండి.

“నీ ఇష్టం” అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి, నిర్ణయం నీది, నేను నీ వెనక ఉన్నాను. రెండోది, నాకు సంబంధం లేదు, ఏమైనా నీదే పూచీ. చాలామంది అన్నదమ్ములు మొదటి అర్థంలో మొదలుపెట్టి, రెండు మూడేళ్లకు రెండో అర్థంలోకి జారిపోతారు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఇద్దరు అన్నలూ చదువుకున్నవాళ్లు, ఆధునికులు. విడాకులు తీసుకుంటానంటే నీ ఇష్టం అన్నారు. ఐదేళ్ల తర్వాత ఆమె బిడ్డతో ఒక్క గదిలో అద్దెకుంటూ బట్టల కొట్లో పనిచేస్తోంది. “ఇష్టం అన్నారు మేడమ్, ఇంట్లో చోటుందని మాత్రం అనలేదు” అంది. ఆ మాట నాకు చాలా కాలం నిద్ర పట్టనివ్వలేదు. వెళ్లమని బలవంతం చేసే తండ్రి కన్నా ఈ అన్నలు ఆమెకు ఎంత మేలు చేశారు?

ఎంచుకునే స్వేచ్ఛ కాగితం మీద అందరికీ ఉంటుంది. రేపు పొద్దున ఎక్కడ పడుకోవాలి, బిడ్డ ఫీజు ఎవరు కట్టాలి అన్నదానికి జవాబు లేని మనిషికి ఆ స్వేచ్ఛతో పని జరగదు. అందుకే ఈ దేశంలో వ్యక్తి స్వేచ్ఛ చరిత్ర చూస్తే పెళ్లి చట్టంతోపాటు ఆస్తి చట్టం ప్రస్తావన కూడా వస్తుంది. హిందువుల కుటుంబ చట్టాలను మార్చడానికి తెచ్చిన హిందూ కోడ్ బిల్లులో అంబేద్కర్ రెండూ కలిపే పెట్టారు. అది ఆగిపోయిందన్న బాధ కూడా 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చెయ్యడానికి ఒక పెద్ద కారణం. తర్వాత 1955, 56లలో అదే బిల్లు ముక్కలుగా నాలుగు చట్టాలయింది. అయినా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండిపోయింది.

ఆ హక్కు కూతుళ్లకూ ఇవ్వడంలో తెలుగువాళ్లం దేశంలోనే ముందున్నాం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ కూతుళ్లకూ కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుక హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారిలోకి వచ్చాయి, కేంద్రం 2005లో వచ్చింది. మన చట్టంలో ఒక లోటు ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. ఒకే ఇంట్లో పెద్దమ్మాయికి లేదు, చిన్నమ్మాయికి ఉంది. 2005 సవరణతో ఆ తేడా పోయింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న గొడవను 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, అక్కర్లేదని తేల్చేసింది.

చట్టం ఇలా ఉంటే రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర జరిగేది వేరు. “కట్నం, పసుపు కుంకుమ అప్పుడే ఇచ్చాం కదా” అంటారు. ఆడపడుచు వచ్చి, తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం మీద సంతకం చేసి, చీర, పళ్లు పుచ్చుకుని వెళ్తుంది. నేనే అలాంటి పత్రాలు ఎన్నో రాశాను. ప్రతిసారీ అడిగేదాన్ని, “ఇష్టపూర్వకంగానే చేస్తున్నావా అమ్మా” అని. అందరూ అవుననేవాళ్లు. ఒకామె మాత్రం, “సంతకం పెట్టకపోతే నాకు పుట్టిల్లు ఉండదు మేడమ్” అంది. అది ఇష్టమా? ఉదారవాదులు ఎంపికను గౌరవించాలంటారు, సంతకం ఉంది కాబట్టి ఎంపిక ఉన్నట్టే. సంప్రదాయవాదులు అన్నాచెల్లెళ్ల బంధం ముఖ్యమంటారు, సంతకం పెట్టింది కాబట్టి బంధం నిలిచింది. రెండు సిద్ధాంతాలూ ఆమెను అక్కడే నిలబెట్టి వెళ్లిపోయాయి. ఆ రోజు నేను ఆమెతో పావుగంట విడిగా మాట్లాడాను. చివరికి సంతకం పెట్టే వెళ్లింది.

అందువల్ల మీ ఇంట్లో వాదన సిద్ధాంతం దగ్గర ఆపండి, పనులు చూడండి. మొదట, కేసుకు కౌంటర్, అంటే కోర్టుకు మీ అక్క తరఫు జవాబు, వెయ్యాలి, వాయిదాలు తప్పకూడదు. ఉద్యోగం మానమన్న మాట మెసేజుల్లోనో ఉత్తరాల్లోనో ఉంటే దాచిపెట్టమనండి. అది ఆమె వెళ్లకపోవడానికి చూపించగల కారణం. ఏ పరిస్థితిలో తిరిగి వెళ్లగలదో ఆమెనే ఒక కాగితం మీద రాసుకోమనండి, మీరు గానీ నాన్నగారు గానీ పక్కన కూర్చోకుండా. ఫ్యామిలీ కోర్టు ఎలాగూ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. ఆ రోజు నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. ఆయనకు సంసారం నిలబడాలని ఉంది కదా, ఆ పట్టుదలను అల్లుడి వైపు తిప్పగలిగేది ఆయనొక్కరే. అల్లుడు మీ మాట వినడు, మామగారి మాట వినొచ్చు. ఉద్యోగం కొనసాగుతుందని ఒప్పుకుంటే, మీ అక్కకు మనసుంటే, కాపురం కలవొచ్చు. మనసు లేకపోతే ఆ మాట కోర్టులో ఆమె నోటితో ఆమే చెప్పాలి.

ఆఖరుగా, మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది, బహుశా మీరు అంత ఆలోచించి రాసి ఉండరు. తాతగారి పొలం మీ పేరున మార్చే పని కూడా ఈ ఏడే పెట్టుకున్నామని, అక్క సంతకం ఒకటి కావాలని. అది పిత్రార్జితమైతే అందులో మీ అక్కకు మీతో సమానమైన వాటా ఉంది. నాన్నగారు సొంతంగా సంపాదించింది వేరు, దాన్ని ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు. ఇది అలాంటిది కాదని మీ మాటల్ని బట్టే తెలుస్తోంది. ఈ కేసు నడుస్తుండగా ఆ సంతకం అడగకండి. కేసు అయిపోయాక కూడా, ఆమె వాటా ఎంతో సర్వే నంబర్లతో సహా ముందు ఆమెకు చెప్పి, ఆ తర్వాతే ఆమె ఇష్టం ఏమిటో అడగండి.